‘ఒల్లను’ అంటే ఏమిటో నాకింకా పూర్తిగా తెలీదు

నేను రిటైరైన రోజున యూనిట్లో కొత్తగా చేరిన అమ్మాయిలు శాలువా కప్పి, కేకు కోయించి, ఒక కోరిక కోరారు. "సిస్టర్, ఇన్నాళ్ళూ డయాలసిస్‌లోనే చేశారు కదా, మీకు తెలిసినవన్నీ మాకోసం రాసిపెట్టండి" అని. కేకు తిన్న నోటితో కాదనలేక సరేనన్నాను. ఇంటికొచ్చి కూర్చుంటే ఒక్క ముక్క ముందుకు సాగలేదు.

మిషను గురించి రాద్దామంటే, ఇప్పుడొస్తున్న మిషన్లు మీకే బాగా తెలుసు. సూది ఎలా గుచ్చాలో మీ చేతులే నేర్చుకుంటాయి. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి చెబితే ఆవలిస్తారు. అందుకని నాకు తెలిసినవి కాకుండా, ఇన్నేళ్ళు చేసినా తెలియనిది ఒకటి రాస్తున్నాను. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం వేలాడేసుకుంటే, అది రక్తంలో పేరుకున్న చెత్తవల్లా, మనసులో పేరుకున్న దిగులువల్లా అనేది. మీరు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఈ ప్రశ్న ఎదురవుతుంది. చివరి నెలలోనూ ఎదురవుతుంది. నాకు అలాగే జరిగింది.

నాది శృంగవరపుకోట. ఉద్యోగం మాత్రం శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం పక్కన చేశాను. మొదటిసారి మా అమ్మని అక్కడికి తీసుకెళ్తే ఆ కొబ్బరితోటలు, జీడితోటలు చూసి "ఓలమ్మో, ఎంత సల్లగా ఉన్నాదే!" అని మురిసిపోయింది. ఆ చల్లటి తోటల్లోంచే మా కుర్చీలకి మనుషులు వచ్చేవారు. ఎందుకొస్తోందో ఈ జబ్బు, నీళ్ళవల్లా, ఎండవల్లా, మరొకదానివల్లా అని పెద్దపెద్దవాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను ఆ జోలికి పోను. నా గొడవ నాకుంది.

రెండింటిదీ ఒకటే ముఖం

కిడ్నీలు పాడైన మనిషి ఎలా ఉంటాడో మీకు పాఠంలో చెప్పే ఉంటారు. తిండి సయించదు. నోరు చేదు. రాత్రి నిద్ర పట్టదు, పగలు కునికిపాట్లు. ఒంట్లో శక్తి ఉండదు. ఎవరైనా పలకరిస్తే చిరాకు. మరి దిగులు జబ్బు పట్టిన మనిషి ఎలా ఉంటాడు? పైన రాసిందే ఇంకోసారి చదువుకోండి. నా తికమకంతా అక్కడే మొదలైంది.

మా డాక్టరుగారిది కృష్ణా జిల్లా వైపు. కుర్రవాడు, మంచివాడు, కాస్త తొందర మనిషి. ఆయన ఎక్కడో శిక్షణకి వెళ్ళొచ్చి, కిడ్నీ రోగుల్లో దిగులు, భయం చాలామందికి ఉంటాయి, మనం అడగట్లేదు, అడగాలి అన్నారు. ఆ మాట నిజమే. అప్పటిదాకా మేం బరువు అడిగేవాళ్ళం, బీపీ చూసేవాళ్ళం, నీళ్ళు ఎక్కువ తాగావని తిట్టేవాళ్ళం. "మనసెలా ఉంది?" అని అడిగిన పాపాన పోలేదు. సరే, ఆయన తెచ్చిన ప్రశ్నలు పట్టుకుని మొదట ఎర్రయ్య దగ్గరకి వెళ్ళాను.

ఎర్రయ్య భావనపాడులో చేపల వేటకెళ్ళే మనిషి. యాభై దాటినా భుజాలు తలుపు పట్టనంత ఉండేవి. మాట కూడా అలాగే, పెద్దది. అడగ్గానే జవాబు చెప్పే రకం కాదు.

"ఈమధ్య దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా?" అని చదివాను.

"ఆసక్తంటే ఏటి సిస్టరమ్మా?"

"ఇష్టం. నీకేది ఇష్టం?"

"సంద్రం."

"మరి వెళ్ళబుద్ధి కావట్లేదా?"

"నువ్వే కదా ఎల్లొద్దన్నావు! ఇప్పుడు ఎల్లబుద్ధి అవతన్నాదా అంతావేటి?"

నిద్ర గురించి అడిగాను. "తెల్లారగట్ల ఏటకెల్లేటోడికి నిద్దరేటమ్మా, అలవాటు పోనేదు" అన్నాడు. ఆకలి గురించి అడిగాను. "ఉప్పునేని సేపల పులుసు నువ్వు తింతావేటి? ఓ పూట తిని సూడు, నీకూ ఆకలి సచ్చిపోద్ది." చివరి ప్రశ్న, బతకడం దండగ అనిపిస్తోందా అనేది, కొంచెం గొంతు తగ్గించి అడిగాను. ఎర్రయ్య కిటికీ వైపు చూశాడు. "టీ ఇంకా రానేదేటి?" అన్నాడు.

డాక్టరుగారు అన్నీ విని "డిప్రెషన్ ఉన్నట్టే సిస్టర్" అన్నారు. "ఆయనకి కాదు సార్, మీ ప్రశ్నలకి ఉంది" అన్నాను. ఆయన నవ్వారు గాని ఒప్పుకోలేదు. ఆ టీ సంగతి తలచుకుంటే నాకూ నా మాటమీద నమ్మకం కలగలేదు. ప్రతి జవాబుకీ ఒక కారణం ఉంది. కారణం ఉన్నంత మాత్రాన దిగులు లేదని ఎలా అంటాం?

కొబ్బరినీళ్ళ గాబరా

తులసి అని ఒక కోడలుపిల్ల వచ్చేది. డయాలసిస్ మొదలెట్టి ఎన్నాళ్ళో కాలేదు. సూది చూస్తేనే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఒకరోజు వస్తూనే గుండెమీద చెయ్యి వేసుకుని "సిస్టరమ్మా, గాబరాగా ఉన్నాది, కాళ్ళు తేలిపోతన్నాయి" అంది.

మా వైపు గాబరా అనే మాట ఎంత పనికొస్తుందో చెప్పలేను. పరీక్ష ఉన్నా గాబరాయే, అత్త అరిచినా గాబరాయే, గుండె దడదడలాడినా గాబరాయే. మేమంతా తలో చెయ్యీ వేసి ఆ పిల్లని ఊరుకోబెట్టడం మొదలుపెట్టాం. భయపడకమ్మా, గట్టిగా ఊపిరి పీల్చుకో, నీకేమీ కాదు. టెక్నీషియను జోకు కూడా వేశాడు. డాక్టరుగారు మాత్రం పలకరించకుండా నేరుగా గుండె పరీక్ష తీయించారు. ఆ గీతలు చూసి ముఖం మారిపోయి, "ముందు మిషను ఎక్కించండి!" అని అరిచారు. పొటాషియం గుండె ఆగిపోయేంతగా నెత్తికెక్కి కూర్చుంది.

తరవాత కూపీ లాగితే తేలింది. అత్తగారు ప్రేమకొద్దీ పెరట్లో బొండాలు దింపించి పొద్దుటా సాయంత్రం తాగించింది. కొబ్బరినీళ్ళనిండా ఆ పొటాషియమే. "సూదులు గుచ్చి గుచ్చి పిల్లకి ఏడి సేసేసింది బాబూ, సలవ సేస్తాదని ఇచ్చినాను" అని ఆవిడ బిక్కచచ్చిపోయింది. ఉద్దానంలో పుట్టిన మనిషికి కొబ్బరినీళ్ళు ప్రమాదమని చెప్తే ఎవరు నమ్ముతారు? ఆవిడమీద కోపం కూడా రాలేదు నాకు.

ఆరోజు మేం ఓదార్చుకుంటూ కూర్చుని ఉంటే పిల్ల దక్కేది కాదు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ముందు రక్తం చూడు, తరవాత మనసు చూడు. మీరూ పెట్టుకోండి, మంచి నియమం. కాకపోతే దాన్ని నమ్ముకుని నిద్రపోకండి. ఎందుకంటే మాకు నాయుడు మావ వచ్చాడు.

అక్కర్నేదమ్మా

జోగినాయుడు కోటబొమ్మాళి దగ్గర వరి పండించుకునే రైతు. నేను నాయుడు మావా అనేదాన్ని. మొదట్లో తగువులమారి. టీ చల్లారిందనీ, ఫ్యాను తనవైపు తిరగట్లేదనీ, పక్క కుర్చీవాడు గురక పెడుతున్నాడనీ ఒకటే సణుగుడు. తరవాత్తరవాత మారాడు. వేళకి రావడం, బరువు సరిగ్గా ఉండడం, చెప్పిన కొలతకి మించి చుక్క నీళ్ళు తాగకపోవడం. రక్తపరీక్షలు చూస్తే ముచ్చటేసేది. మిగతావాళ్ళకి ఆయన్ని చూపించి "నాయుడు మావని చూసి నేర్చుకోండి" అనేవాళ్ళం.

దుప్పటి కప్పనా మావా అంటే "అక్కర్నేదమ్మా." టీ ఇమ్మంటావా అంటే "అక్కర్నేదమ్మా." టీవీ పెట్టమంటావా? దానికీ అదే. మర్యాదగా, నవ్వుతూనే అనేవాడు. మేం సంతోషించాం. మా పని తేలికైంది కదా!

డాక్టరుగారే కనిపెట్టారు. "సిస్టర్, ఈయన మీతో పోట్లాడి ఎన్నాళ్ళైంది?" అని అడిగారు. నాకు గుర్తురాలేదు. ఆయన కూర్చుని మెల్లగా కదిపితే, మావ అదే నవ్వుముఖంతో, "నానుండీ అక్కర్నేదు బాబూ, పోయీ అక్కర్నేదు. మీరు రమ్మంతన్నారని వొస్తన్నాను" అన్నాడు.  రక్తం శుభ్రంగా ఉంది. మనిషి లోపల్లోపల ఖాళీ అయిపోతున్నాడు. మేం చూసి చప్పట్లు కొట్టాం.

శ్రీకాకుళంలో మనసు డాక్టరుకి చూపించారు. కిడ్నీ రోగికి సరిపడేలా చూసి మందులు ఇచ్చారు. ఇంట్లోవాళ్ళకి ఒంటరిగా వదలొద్దని చెప్పారు. చాలా వారాలు మాకేమీ తేడా కనపడలేదు. ఒక పొద్దున్న మాత్రం మావ టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, "ఏటే గుంటా ఇది, టీయా, గిన్ని కడిగిన నీల్లా?" అన్నాడు. యూనిట్ మొత్తానికి వినపడేట్టు నవ్వాను. ఆరోజు ఆయన తిట్లు ఎంత తియ్యగా ఉన్నాయో చెప్పలేను.

అందుకని ఇంకో నియమం చేర్చుకున్నాను. సణిగేవాడి గురించి భయపడకు, ఊరుకున్నవాడి గురించి భయపడు. ఇదీ మంచి నియమమే. దీన్ని చెడగొట్టింది మళ్ళీ ఎర్రయ్యే.

ఒళ్ళా, ఒల్లా?

ఒక పొద్దున్న ఎర్రయ్య యూనిట్ దాకా వచ్చి మెట్లమీద కూర్చుండిపోయాడు. లోపలికి రాడు. వాళ్ళావిడ పోలమ్మ చేపలు అమ్ముకునే మనిషి, ఎవరికీ జంకదు. ఆవిడ చెయ్యి పట్టుకు లాగుతున్నా కదల్లేదు. నేను వెళ్ళి రమ్మంటే "నానొల్లను" అన్నాడు. ఈలోగా డాక్టరుగారు వచ్చారు.

"ఏమైంది ఎర్రయ్యా?"

"ఒల్లను."

"ఒళ్ళా? ఒళ్ళు నొప్పులా?"

"నొప్పులేటి? ఒల్లనంతన్నాను."

"జ్వరమేమైనా వచ్చిందా, ఒళ్ళు కాలుతోందా?" అంటూ ఆయన ఎర్రయ్య నుదురు, మెడ, భుజాలు అన్నీ తడిమి చూస్తున్నారు. ఎర్రయ్య గింజుకుంటూ "ఓర్నాయనో, ఈ బాబేటి ఇలగ నొక్కేస్తన్నాడు!" అని నావైపు చూశాడు. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ నవ్వు ఆగలేదు.

"సార్, ఒళ్ళు కాదు, ఒల్లను. వద్దు అంటున్నాడు."

"ఏం వద్దు?"

"డయాలసిస్."

ఆయన తడమడం ఆపేశారు. నా నవ్వూ పోయింది. రెండు డయాలసిస్ వాయిదాలు మానేస్తే ఎర్రయ్య ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆ సంగతి ఎర్రయ్యకీ తెలుసు.

ఇక్కడ మీకు ఈ మాట గురించి చెప్పాలి. మీలో కొందరు మా వైపు వాళ్ళు కాదు కదా. ఒల్లను అంటే వద్దు అనే అర్థం, కాని వద్దు అనడం వేరు, ఒల్లను అనడం వేరు. చంటిది అన్నం ఒల్లనంటుంది. అలిగిన మొగుడు కూడు ఒల్లనని గోడవైపు తిరిగి పడుకుంటాడు. వద్దు అన్నవాడు తలుపు మూసేస్తాడు. ఒల్లను అన్నవాడు తలుపు ఓరగా వేసి, ఎవరైనా బతిమాలతారేమోనని అవతల నిలబడి ఉంటాడు. నేనలాగే విన్నాను, అలాగే పెరిగాను.

పోలమ్మ కూడా అదే అంది. "నన్ను సూడ్డానికొచ్చి ముందు ఒల్లన్నాడమ్మా ఈడు! నల్లగున్నానంట. ఆల మేనత్త వొచ్చి నాలుగు సీవాట్లు పెట్టి, గెడ్డం పట్టుకుని బతిమాలితే అప్పుడు సరేనన్నాడు. ఇప్పుడు నానునేకపోతే పూట గడవదు. ఈడి ఒల్ల నాకు తెల్దేటి!"

"మరి ఇప్పుడు ఎవరిమీద అలిగాడు?" అన్నాను. పోలమ్మ నవ్వు ఆపేసింది.

కూర చేపలు

పోలమ్మ చెప్పింది ఇది. ఒడ్డునుంచి పెద్దవల లాగేటప్పుడు ఊళ్ళో మగవాళ్ళంతా తాడు పట్టుకుంటారు. లాగినవాళ్ళకి వాటా కాకుండా, ఇంటికి కూరకని నాలుగు చేపలు వేరే తీసిస్తారు. కూర చేపలంటారు వాటిని. ఎర్రయ్య ఎడమచేతికి డయాలసిస్ కోసం నరం కలిపారు కదా, ఆ చేత్తో బరువు లాగకూడదు. అందుకని వాడు ఒడ్డున కూర్చుని చూస్తాడు. తోటివాళ్ళు మంచివాళ్ళు. వల పైకి రాగానే మొదట ఎర్రయ్యకే కూర చేపలు తీసి, తట్టలో పెట్టి, "నువ్వు లెగకు బావా, మేం అట్టుకొస్తాం" అని ఇంటికి పంపిస్తున్నారు.

"నిన్న ఆ తట్టని ఇసిరికొట్టినాడమ్మా. సేపలన్నీ ఇసకలో పడిపోనాయి. తాడు ముట్టుకోనోడికి కూర సేపలేటి, నానేటి అడుక్కున్నానా అని అరిసినాడు. ఆళ్ళు బిత్తరపోనారు."

నేను వెళ్ళి ఎర్రయ్య పక్కన మెట్టుమీద కూర్చున్నాను.  వాడే తన కుడిచెయ్యి చూపించి, "ఇది బాగానే ఉన్నాది కదా సిస్టరమ్మా" అన్నాడు.   డాక్టరుగారు తెచ్చిన ప్రశ్నల్లో ఇది అడిగే ప్రశ్న ఒక్కటీ లేదు.

ఆరోజు బతిమాలితే లోపలికి వచ్చాడు. డాక్టరుగారిని కుడిచెయ్యి సంగతి అడిగాను. ఆయన ఆలోచించి, కుడిచేత్తో, తాడు చివర, గట్టిగా ఊపిరి బిగపట్టకుండా అయితే పట్టుకోవచ్చన్నారు. దాంతో పాటు మనసు డాక్టరు దగ్గరకీ పంపించారు. అలిగినవాడికి మాత్రలేమిటని నేను గునిశాను. ఆయన నామీద కాస్త విసుక్కున్నారు. "కారణం తెలిసినంత మాత్రాన జబ్బు పోతుందా సిస్టర్? కాలు ఎందుకు విరిగిందో తెలిస్తే కట్టు కట్టరా?" అన్నారు. ఈ ఒక్క మాటకి ఆయన్ని నేను జన్మలో మరచిపోను.

పోలమ్మ వెళ్ళి తోటివాళ్ళతో మాట్లాడింది. వాళ్ళు తాడు చివర ఎర్రయ్యకి చోటిచ్చారు. వాడు మాత్రలూ వేసుకున్నాడు. నెలలోపే వేళకి రావడం మొదలుపెట్టాడు, ఉప్పులేని పులుసుని తిట్టడమూ మొదలుపెట్టాడు. ఏది పనిచేసింది? డాక్టరుగారు మాత్ర అన్నారు. పోలమ్మ తాడు అంది. ఎర్రయ్యనే అడిగితే, "మీ పోరు పడనేక వొస్తన్నాను" అన్నాడు. ముగ్గురి మాటా నమ్మాను. ఇప్పటికీ ముగ్గురి మాటా నమ్ముతున్నాను, అదే నా అవస్థ.

రెండో ఒల్ల

అలా చాలాకాలం నడిచింది. తరవాత ఎర్రయ్య గుండె బలం తగ్గింది. మిషను ఎక్కించగానే బీపీ పడిపోయేది. ఇంటికెళ్ళాక మర్నాడంతా లేవలేకపోయేవాడు. చేతి నరం రెండుసార్లు మూసుకుపోయింది. నేను రిటైర్ కావడానికి కొద్ది నెలల ముందు, ఒకరోజు డయాలసిస్ అయ్యాక టీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "సిస్టరమ్మా, ఇంక నానొల్లను" అన్నాడు.

కోపంగా అనలేదు. గోడవైపు తిరగలేదు. నావైపు చూసే అన్నాడు.

నాకు అలవాటైన పనే కదా, బతిమాలడం మొదలుపెట్టాను. నవ్వించాను, కసిరాను, పోలమ్మ పేరు చెప్పాను. వాడు అన్నీ విని, నవ్వాల్సినచోట నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తరవాతి వాయిదాకి రాలేదు.

డాక్టరుగారు తేలిగ్గా తీసుకోలేదు. మళ్ళీ పిలిపించి రక్తం చూశారు. బుర్ర మందగించేంత చెత్త పేరుకోలేదు. మనసు డాక్టరుకి చూపించారు. ఆయన చాలాసేపు మాట్లాడి, వెనకటి దిగులు జబ్బు ఇప్పుడు కనపడట్లేదు, నిద్రపోతున్నాడు, నవ్వుతున్నాడు, ఏమవుతుందో తెలిసే చెప్తున్నాడు, అయినా ఒట్టేసి చెప్పలేను అన్నారట. ఆయాసం తగ్గడానికి మందులిచ్చి, ఏ రోజు మనసు మారినా కుర్చీ ఉంటుంది, మొహమాటపడకుండా వచ్చెయ్యమని మా డాక్టరుగారు చెప్పి పంపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అంతేనా సార్? వదిలేస్తారా?" అన్నాను.

"ఒల్లనంటే ఒల్లనే కదా సిస్టర్" అన్నారు. మా యాసలో, అచ్చం మాలాగే పలికారు.

"ఇప్పుడే మీరు మా మాట నేర్చుకోవాలా?" అని అరిచాను. అది అలా వినాల్సిన మాట కాదని, దాన్ని బతిమాలాలని, ఇక్కడ పుట్టనివాళ్ళకి తెలీదని అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రక్తం చూశాను. మనసు చూపించాను. ఇంకేం చూడమంటారో చెప్పండి, అదీ చూస్తాను" అన్నారు.  ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

మర్నాడు సెలవు పెట్టి భావనపాడు బస్సెక్కాను. దారంతా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను.

ఎర్రయ్య ఇంటి ముందు నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. లోపల్నుంచి ఎండు నెత్తళ్ళు వేగుతున్న వాసన వస్తోంది. అలవాటు చొప్పున "ఉప్పు చేపలు తింటున్నావా!" అని గుడ్లురిమాను. "సూసినావేటే, వొచ్చీ రాగానే!" అని లోపలికి కేకేసి నవ్వాడు. పోలమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నాను ఏడిసినాను. తిట్టినాను. కూడెట్టనన్నాను. ఏటీ పన్జెయ్యనేదు సిస్టరమ్మా. ఇంక ఏటి తింతానంతే అది ఒండతన్నాను" అంది.

"మళ్ళీ ఎవరిమీద అలిగావు ఎర్రయ్యా?" అన్నాను.

"ఎవలిమీదా నేదు."

"తాడు పట్టుకోనివ్వట్లేదా?"

"తాడుకేటి, నిన్న కూడా అట్టుకున్నాను." వలలో పోగు ముడివేసి, పళ్ళతో తెంపాడు. "సిస్టరమ్మా, అప్పుడు నాను ఒల్లన్నది నన్ను. తాడు లాగనేని నన్ను నాను ఒల్లకపోనాను. ఇప్పుడు అలగ కాదు. నాతో నాకేటి తగువు నేదు. మిసన్నే ఒల్లనంతన్నాను."

బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ పక్కనపెట్టి, వల అంచు పట్టుకుని వాడి ఎదురుగా కూర్చున్నాను.

పిల్లలూ, ఇదొక్కటి గట్టిగా చెప్తాను. మీ దగ్గర ఎవరైనా ఒల్లను అంటే, వెంటనే బతిమాలకండి, వెంటనే వదిలెయ్యకండి. దేన్ని ఒల్లవు అని అడగండి. రక్తం చూశాక, మనసు చూపించాక, మళ్ళీ అదే అడగండి. జవాబు వచ్చాక దాన్ని నమ్మాలో వద్దో మాత్రం నన్ను అడక్కండి. అలసిపోయిన మనసు కూడా అంత చక్కగా మాట్లాడగలదేమో. నెమ్మదిపడిన మనసూ అలాగే మాట్లాడుతుందేమో. నేను ఆ రెంటికీ తేడా తెలుసుకోలేకపోయాను. ఆ తరవాత ఎర్రయ్య ఎక్కువ రోజులు లేడు. కుర్చీకి తిరిగి రాలేదు. చివరిదాకా ఆయాసం పెద్దగా పడలేదనీ, తన చేతిమీదే పోయాడనీ పోలమ్మ చెప్పింది.

నేను భావనపాడు వెళ్ళిన రోజునే ఇంకొకటి జరిగింది. పోలమ్మ నాకు కంచంలో అన్నం, నెత్తళ్ళ వేపుడు పెట్టి తెచ్చింది.  ముఖం పక్కకి తిప్పుకుని "నేనొల్లను పోలమ్మా" అన్నాను. ఎన్నో ఏళ్ళుగా ఉద్యోగంలో వాడని మాట, మా అమ్మ దగ్గర అనే మాట, దానంతటదే వచ్చేసింది.

ఎర్రయ్య చేతిలో వల పక్కన పెట్టాడు. పకపకా నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, ముందుకు వంగి, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"ఇప్పుడు నన్నేటి సెయ్యమంతావు సిస్టరమ్మా? బతిమాలనా, ఒగ్గేసి ఊరుకోమంతావా?"

నాకు తెలీలేదు. కంచం దగ్గరకి లాక్కున్నాను.